మేఘంలో మంచు: చిన్న విమానానికి ఎందుకంత ముప్పు?

పోయిన దసరాకు మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. మా చిన్నాన్న కూతురు పన్నెండో తరగతి సైన్సు చదువుతోంది. అందరం భోజనాలకు కూర్చున్నాక నెమ్మదిగా, "నేను పైలట్ ట్రైనింగ్‌కు పోతా" అంది. చిన్నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆయన ఫోన్ తీసి ఒక వీడియో చూపించారు. 2024 ఆగస్టు 9న బ్రెజిల్‌లోని విన్యెదో అనే ఊళ్ళో ఒక విమానం ఆకాశంలో గిర్రున తిరుగుతూ ఆకులాగా కిందికి పడిపోయిన వీడియో అది. మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఉన్న 62 మందీ చనిపోయారు. "మంచు పట్టుకుని పడ్డదంట. దీనికేనా నువ్వు పోయేది?" అన్నారు చిన్నాన్న.

మా బాపమ్మ అంతసేపూ వింటూ కూర్చుంది. తర్వాత ఒకటే మాట అడిగింది: "బ్రెజిల్ అంటే మంచు దేశమా బిడ్డా?"

"కాదు బాపమ్మా, మన లెక్కనే ఎండ దేశం" అంది చెల్లి.

"మరి గింత ఎండల మంచేడికెళ్ళి వచ్చింది?"

ఎవరూ జవాబు చెప్పలేదు. అందరూ నా వైపు చూశారు. కాలేజీకి పోయేదాన్ని, పుస్తకాలు చదివేదాన్ని నేనే కదా! కానీ నాది బీఏ. విమానం గురించి నాకేం తెలుసు? "చదివి చెప్తా" అన్నాను. ఆ చదివిందే ఈ వ్యాసం. మన గోడపత్రికలో ఎప్పుడూ కవులు, సామెతలు, పండగల గురించి రాస్తాం. ఈసారి కొంచెం ఆకాశం వైపు చూద్దాం.

ముందు మాట సంగతి

తెలుగులో "మంచు" అనే ఒక్క మాటతో మనం చాలా పనులు చేయించుకుంటాం. పొద్దున గడ్డి మీద ఉండే నీటి చుక్కలు మంచు. సంక్రాంతి రోజుల్లో దారి కనపడకుండా కమ్మేసేది కూడా మంచు, కావాలంటే పొగమంచు అంటాం. హిమాలయాల మీద ఉండేదీ మంచే. మా ఇంట్లో మరాఠీ కూడా నడుస్తుంది కాబట్టి నాకు ఈ తేడా బాగా తెలిసింది. మరాఠీలో గడ్డి మీదది దవ్, దారి మూసేది ధుకే, గడ్డకట్టింది బర్ఫ్. మూడింటికీ మూడు పేర్లు. ఆకాశం నుంచి పడే గడ్డలకు మనం వడగండ్లు అంటాం, మా బాపమ్మ రాళ్ళవాన అంటుంది.

ఈ వ్యాసంలో మంచు అంటే విమానం మీద గడ్డకట్టి అతుక్కునే మంచు. పైలట్లు దీన్ని "ఐసింగ్" అంటారు. ఇది పైనుంచి రాలి విమానం మీద పడే మంచు కాదు. విమానం మేఘంలోకి వెళ్ళినప్పుడు, ఆ విమానం ఒంటి మీదే అప్పటికప్పుడు తయారయ్యే మంచు. బాపమ్మ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

నేల మీద ఎండ, అయిదు కిలోమీటర్ల పైన సున్నా

మనకు సోలాపూర్ నుంచి అక్కల్‌కోట్ ఎంత దూరం? నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. అదే దూరం నిలువుగా పైకి పోతే ఏమవుతుందో మనం ఆలోచించం. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. మామూలు లెక్కలో కిలోమీటరుకు సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. వానాకాలంలో మన నేల మీద 30 డిగ్రీలు ఉందనుకోండి. అయిదు కిలోమీటర్లు పైకి పోతే అయిదారులు ముప్పై. అంటే 30లోంచి 30 పోయి సున్నా! మన దక్కన్ మీద వానాకాలంలో సున్నా డిగ్రీల గీత దాదాపు 5 నుంచి 5.5 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మనం మే నెలలో ఎండకు అల్లాడిపోతున్నప్పుడు కూడా నెత్తి మీద కొన్ని కిలోమీటర్ల పైన గడ్డకట్టే చలి ఉంటుందన్నమాట. బ్రెజిల్ అయినా, సోలాపూర్ అయినా అంతే.

ఇంతవరకు సులువే. అసలు విచిత్రం ఇక్కడ మొదలవుతుంది.

సున్నా డిగ్రీలకు నీళ్ళు గడ్డకడతాయని మనం బడిలో చదువుకున్నాం. మేఘంలో ఉండే సన్నటి చుక్కలు ఆ మాట వినవు. గడ్డకట్టడం మొదలవ్వాలంటే చుక్కకు పట్టుకోవడానికి ఏదో ఒక గింజ కావాలి: తగిన ధూళి కణమో, ఇంకో మంచు పలుకో. అది దొరక్కపోతే సున్నా కన్నా కిందికి పోయినా చుక్క నీళ్ళలాగే ఉండిపోతుంది. మైనస్ 10, మైనస్ 20 దగ్గర కూడా అలాంటి చుక్కలు మేఘాల్లో బాగా ఉంటాయి. బాగా సన్నవైతే దాదాపు మైనస్ 38 వరకు కూడా నీళ్ళుగానే ఉండగలవు. సైన్సు పుస్తకాల్లో దీన్ని అతిశీతల జలం అంటారు. నేను "గడ్డకట్టని చలినీళ్ళు" అని రాసుకున్నాను.

ఆ చుక్కలు దేన్నైనా తాకేదాకా ఆగి ఉంటాయి. ఆ సమయంలో వాటి మధ్యలోకి విమానం వచ్చిందంటే, రెక్కకు తగలగానే గడ్డకట్టి అతుక్కుపోతాయి.

మన ఊరి మేఘాల్లోకి పోయిన విమానాలు

ఇదంతా ఎక్కడో జరిగేది కాదు. 2018 వానాకాలంలో నేను ఏడో తరగతి. మేడ మీద బట్టలు తీస్తుంటే ఒక చిన్న విమానం చప్పుడు వచ్చేది. అప్పట్లో మన ఊరి నుంచి మామూలు విమానాలు లేవు కాబట్టి పిల్లలందరం గోడల మీదికి ఎక్కి చూసేవాళ్ళం. "వాన తెచ్చే విమానం" అనేవాళ్ళు వాడలో.

అది పుణెలోని భారత ఉష్ణదేశ వాతావరణ శాస్త్ర సంస్థ వాళ్ళ పరిశోధన. "కైపెక్స్" అనే పేరుతో 2009లో మొదలైంది. మొదటి దశలో హైదరాబాద్ నుంచి కూడా విమానాలు ఎగిరాయి. తర్వాత 2018, 2019 వానాకాలాల్లో సోలాపూర్‌ను కేంద్రంగా పెట్టుకున్నారు. ఎందుకంటే మనది సహ్యాద్రి కొండలకు ఇవతలి పక్క. పడమటి గాలి తెచ్చిన నీళ్ళు ఎక్కువ భాగం కొండల అవతలే కురిసిపోతాయి. మన దగ్గరికి మేఘాలు వస్తాయి, వాన మాత్రం తక్కువ. నల్లా నీళ్ళకు రోజులు లెక్కపెట్టుకునే మనకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ప్రయోగంలో 276 మేఘాలను తీసుకున్నారు. చీటీ వేసినట్టు కొన్ని మేఘాలకు మందు చల్లారు, కొన్నింటిని వదిలేశారు. మందు అంటే కాల్షియం క్లోరైడ్ ఉప్పు, మేఘం అడుగున కాల్చి వదులుతారు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి: మందు చల్లిన చోట వాన సుమారు 18 శాతం ఎక్కువ పడిందని. మేఘమే లేకపోతే ఏ మందూ పని చేయదని కూడా శాస్త్రవేత్తలు చెప్తారు. మన తెలుగు నేలలో కూడా 2000 తర్వాతి ఏళ్ళలో అనంతపురం వైపు ప్రభుత్వం ఇలాంటి పని చేయించింది. దానికి "మేఘమథనం" అని చక్కటి పేరు పెట్టారు.

మేఘమథనానికి ఇంకో పద్ధతి ఉంది. సున్నా గీతకు పైన ఉండే గడ్డకట్టని చలినీళ్ళలోకి సిల్వర్ అయోడైడ్ పొడి వదులుతారు. ఆ పొడి గింజలాగా పని చేసి చుక్కల్ని మంచు పలుకులుగా మారుస్తుంది. అవి బరువెక్కి కిందికి వస్తూ కరిగి వాన అవుతాయి. ఈ కథ 1946లో అమెరికాలో మొదలైంది. విన్సెంట్ షేఫర్ అనే ఆయన ఫ్రీజర్‌లోకి ఊపిరి వదిలి చిన్న మేఘం చేశాడు. సున్నా కన్నా కింద ఉన్నా అది గడ్డకట్టలేదు. అందులో పొడి మంచుగడ్డ, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, వేయగానే మెరిసే పలుకులు పుట్టాయి. అదే ఏడాది నవంబర్ 13న చిన్న విమానంలో పోయి నిజం మేఘం మీద అదే పని చేశాడు. సిల్వర్ అయోడైడ్ సంగతి కనిపెట్టింది ఆయనతో పనిచేసిన బెర్నార్డ్ వానెగట్.

ఇది చదువుతుంటే నాకు ఒక్కసారి ఒళ్ళు జలదరించింది. మనకు వానగా కావలసిన నీళ్ళూ, విమానం రెక్క మీద గడ్డకట్టే నీళ్ళూ ఒకటే! మేఘం లోపల ఏముందో కొలవడానికి పోయే పరిశోధన విమానం తెలిసి తెలిసి అలాంటి నీళ్ళలోకే దూరుతుంది. వాళ్ళు గుడ్డిగా పోరు. దానికి తగిన విమానం, తగిన పరికరాలు, బయటపడే దారి ముందే చూసుకుని పోతారు. ఏ ఏర్పాటూ లేని చిన్న విమానం అనుకోకుండా అందులోకి పోతే మాత్రం సంగతి వేరు.

బరువు కాదు, గరుకు

మంచు పడితే విమానం బరువెక్కి పడిపోతుందని నేను అనుకునేదాన్ని. చిన్నాన్న కూడా అలాగే అనుకున్నారు. బరువు పెరగడం నిజమే కానీ అది పెద్ద కారణం కాదు.

మన మగ్గాల వాడలో పెరిగినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. నూలుకు గంజి పట్టించేటప్పుడు సమంగా పడితే పోగు నున్నగా ఉంటుంది, మగ్గం మీద హాయిగా నడుస్తుంది. అక్కడక్కడా ముద్దలు కట్టిందనుకోండి. ఆ ముద్దల బరువెంత? ఏమీ లేదు. కానీ పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, పటపట తెగిపోతాయి. మగ్గం ఆగిపోతుంది. చెడగొట్టింది బరువు కాదు, గరుకు.

రెక్క కూడా అంతే. గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని నున్నగా జారుతున్నంతవరకే అది విమానాన్ని మోస్తుంది. ఈ మోసే బలాన్ని లిఫ్ట్ అంటారు. వెనక్కి లాగే గాలి బలాన్ని డ్రాగ్ అంటారు. రెక్క ముందు అంచు మీద, పైభాగం మీద గరుకు కాగితం అంత మందంగా, అంత గరుకుగా మంచు పట్టినా లిఫ్ట్ 30 శాతం దాకా తగ్గిపోవచ్చు, డ్రాగ్ 40 శాతం దాకా పెరగవచ్చు. గరుకు కాగితమంత! నేను ఈ అంకెలు రెండుసార్లు చదివాను.

లిఫ్ట్ తగ్గిందని పైలట్ ముక్కు పైకెత్తుతాడు. ఎత్తేకొద్దీ రెక్క కింద కూడా మంచు పడుతుంది, వేగం తగ్గుతుంది. ఒక దశలో గాలి రెక్కను వదిలేస్తుంది. దీన్ని స్టాల్ అంటారు. మామూలుగా ఏ వేగం దగ్గర స్టాల్ అవుతుందో పైలట్‌కు తెలుసు, హెచ్చరించే హారన్ కూడా ఉంటుంది. మంచు పట్టిన రెక్క అంతకన్నా ఎక్కువ వేగంలోనే స్టాల్ అయిపోతుంది, హారన్ మోగకముందే కూడా కావచ్చు. అంటే పైలట్ నేర్చుకున్న లెక్కలన్నీ తప్పుతాయి.

మంచులో కూడా రకాలున్నాయి. సన్నటి చుక్కలు, బాగా చలి ఉంటే తగిలిన చోటే గడ్డకట్టి తెల్లగా, గరుకుగా ఉంటుంది. పెద్ద చుక్కలు, సున్నాకు కొంచెం కింద ఉన్న చలి అయితే చుక్క వెంటనే గడ్డకట్టదు. రెక్క మీద వెనక్కి పారుతూ గడ్డకట్టి గాజులాగా అతుక్కుంటుంది. ఈ రెండోది చాలా ప్రమాదం, ఎందుకంటే సరిగ్గా కనపడదు, ఊడదు.

ఇంకో సంగతి: పలచని అంచుల మీద మంచు ముందుగా పడుతుంది. తోక అంచు రెక్క అంచుకన్నా పలచన. కానీ పైలట్‌కు తోక కనపడదు.

పెద్ద ప్రమాదాలు నేర్పినవి

1994 అక్టోబర్ 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్-72 విమానం కూలి 68 మంది చనిపోయారు. షికాగోలో దిగడానికి వరుస రాక ఆ విమానం గాలిలోనే చక్కర్లు కొడుతోంది. అక్కడ పడుతున్నది మామూలు మేఘపు చుక్కలు కాదు, పెద్ద చుక్కల చలితుంపర. ఇలాంటి విమానాల రెక్క ముందు అంచుకు రబ్బరు పట్టీలు ఉంటాయి. లోపలికి గాలి నింపితే ఉబ్బి మంచును పగలగొట్టి రాల్చేస్తాయి. కానీ ఆ రోజు నీళ్ళు వెనక్కి పారి, పట్టీ అయిపోయిన చోట గట్టులాగా గడ్డకట్టాయి. పట్టీ అక్కడిదాకా అందదు. ఆటోపైలట్ అప్పటిదాకా లోపల్లోపల సర్దుకుంటూ వచ్చింది, ఒక్కసారిగా చేతులెత్తేసింది. విమానం పక్కకు దొర్లింది.

తర్వాత ఏటీఆర్ విమానాలకు ఆ పట్టీలను వెనక్కి పొడిగించారు. పెద్ద చుక్కల మంచు గురించి అమెరికాలో కొత్త నియమాలు 2014లో వచ్చాయి. అంటే ఇరవై ఏళ్ళు పట్టింది. ఇవాళ మన సోలాపూర్ నుంచి గోవాకు 2025 జూన్‌లో మొదలైన విమానం కూడా ఏటీఆరే. ఆ 68 మంది ప్రాణాలతో నేర్చుకున్న పాఠం ఇప్పుడు దాని రెక్కల్లో కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

వేడి ప్రదేశం కథ ఇంకొకటి. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 బ్రెజిల్‌లోని రియో నుంచి పారిస్ పోతూ అట్లాంటిక్ సముద్రంలో పడిపోయింది. 228 మంది చనిపోయారు. అది చాలా పెద్ద విమానం, రెక్కలకు ఏమీ కాలేదు. వేగం కొలిచే సన్నటి గొట్టాలు మంచు పలుకులతో కాసేపు మూసుకుపోయాయి. వేగం అంకెలు తప్పయ్యాయి. ఆ గందరగోళంలో విమానం స్టాల్ అయింది, దాన్ని సరిదిద్దలేకపోయారు. మూసుకుపోయిన గొట్టాలు కాసేపటికి మళ్ళీ తెరుచుకున్నాయి, ఆ తికమక మాత్రం తీరలేదు.

ఎండలో కూడా, ఇంజిన్ లోపల

ఇక మన ప్రాంతానికి దగ్గరి సంగతి. బారామతిలాంటి చోట్ల శిక్షణ కోసం ఎగిరే ఒక ఇంజిన్ విమానాలు మామూలుగా అయిదు కిలోమీటర్ల ఎత్తుకు పోవు. కాబట్టి మన వైపు రెక్కల మీద మంచు వాటికి అరుదు. అయితే వాటిలో చాలావాటికి కార్బురేటర్ ఉంటుంది. మన ఇళ్ళలో పాత స్కూటర్లకు, లూనాలకు ఉండేదే. పెట్రోలునూ గాలినీ కలిపే డబ్బా.

అందులో గాలి ఇరుకు దారి గుండా దూరుతుంది, పెట్రోలు ఆవిరవుతుంది. చెయ్యి మీద పెట్రోలు పడితే చల్లగా ఎందుకు అనిపిస్తుందో అందుకే లోపలి గాలి కూడా ఒక్కసారిగా చల్లబడుతుంది. 30 డిగ్రీలకు పైగా కూడా పడిపోవచ్చు. గాలిలో తేమ ఉంటే ఆ తేమ అక్కడే గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఎక్కువ భయం 21 డిగ్రీల కన్నా తక్కువ, తేమ 80 శాతం కన్నా ఎక్కువ ఉన్నప్పుడు. బయట 38 డిగ్రీలున్నా, తేమ 50 శాతమే ఉన్నా కూడా జరగవచ్చు. మేఘం అక్కర్లేదు, ఆకాశం తేటగా ఉన్నా చాలు. దిగడానికి ఇంజిన్ తగ్గించినప్పుడు దారి ఇంకా ఇరుకవుతుంది, అప్పుడు ఇంకా ప్రమాదం.

మొదట ఇంజిన్ తిరిగే లెక్క మెల్లగా తగ్గుతుంది. తర్వాత ఇంజిన్ దగ్గుతుంది. దీనికి మందు ఆ విమానంలోనే ఉంది. ఒక పిడి లాగితే ఇంజిన్ వేడి గాలి కార్బురేటర్‌లోకి పోతుంది. కానీ లాగగానే పరిస్థితి ముందు ఇంకా పాడైనట్టు కనిపిస్తుంది. కరిగిన నీళ్ళు ఇంజిన్‌లోకి పోయి అది ఇంకా గట్టిగా దగ్గుతుంది, ఊగుతుంది. కొత్తవాళ్ళు భయపడి పిడి మళ్ళీ నెట్టేస్తారు. అదే తప్పు. మంచు కరిగేదాకా పట్టుకుని ఉండాలి, అప్పుడు ఇంజిన్ సర్దుకుంటుంది. మా చెల్లికి ఈ భాగం చదివి వినిపిస్తే, "మందు వేసుకున్నాక ముందు వాంతి అయినట్టు" అంది.

పైలట్ ఏం చేయాలి?

నేను చదివినవాటిలో అందరూ ఒప్పుకున్న మాటలు ఇవి:

1. ఎగరకముందే సున్నా గీత ఎంత ఎత్తులో ఉందో, మేఘాలు ఎక్కడున్నాయో వాతావరణ శాఖ సమాచారంలో చూసుకోవాలి. సున్నా నుంచి మైనస్ 20 మధ్య ఉన్న మేఘం అనుమానించాల్సిన మేఘం.

2. చలి ప్రాంతంలో రాత్రి బయట ఉంచిన విమానం రెక్కల మీద నూగులాంటి మంచు ఉన్నా తుడవకుండా లేవకూడదు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచుతోనే లేచిన ఒక విమానం వంతెనను ఢీకొని నదిలో పడింది, 78 మంది చనిపోయారు.

3. శిక్షణ విమానాలకు సాధారణంగా రబ్బరు పట్టీలు ఉండవు. వేగం గొట్టాన్ని వేడి చేసే మీట, కార్బురేటర్ వేడి పిడి ఇంతే. మంచు ఉందని తెలిసిన మేఘంలోకి అవి పోవడానికి అనుమతే లేదు. రబ్బరు పట్టీలున్న విమానానికైనా అవి అక్కడే ఉండిపోవడానికి కాదు, బయటపడేదాకా సమయం ఇవ్వడానికి.

4. మంచు పడటం మొదలైందంటే వెంటనే బయటపడాలి. వచ్చిన దారినే వెనక్కి తిరగడం మంచిది, ఎందుకంటే అక్కడ మంచు లేదని తెలుసు. లేదా కిందికి, వెచ్చటి గాలిలోకి. కానీ కింద కొండలుంటే కుదరదు. పైకి పోవడం ఇంజిన్‌కు బలం ఉంటేనే. కంట్రోల్ టవర్‌కు ఆలస్యం చేయకుండా చెప్పాలి.

5. ఆటోపైలట్ మీద వదిలేయకూడదు. విమానం ఎంత బరువుగా, ఎంత మొండిగా ఉందో చేతికి తెలియాలి.

6. మంచుతోనే దిగాల్సి వస్తే మామూలు కన్నా ఎక్కువ వేగంతో దిగాలి.

వీటన్నిటిలో నాకు కష్టంగా అనిపించింది నాలుగోది. చేయి తిప్పితే విమానం తిరుగుతుంది, కానీ మనసు తిరగదు. ఇంకా పది నిమిషాలే కదా, ఊరు దగ్గర్లోనే ఉంది కదా, వెనక్కి పోతే నలుగురు ఏమంటారు అనిపిస్తుందట. మంచు ఆ పది నిమిషాల్లోనే పెరుగుతుంది.

మళ్ళీ మా ఇంటికి

దీపావళికి అందరం మళ్ళీ కలిశాం. నేను రాసుకున్న కాగితాలు తీసి చదివాను. బాపమ్మకు జవాబు దొరికింది. "అంటే మంచు దేశం పైననే ఉన్నదన్నట్టు" అంది. ఎంత చక్కగా చెప్పింది! నేను ఇన్ని పేజీలు రాసినా ఆ మాట రాలేదు.

చిన్నాన్న చివరిదాకా విన్నారు. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. చెల్లి అమెరికాకో కెనడాకో పోయి నేర్చుకుంటే అక్కడ చలికాలంలో సున్నా గీత నేల దాకా వచ్చేస్తుందని నేనే చెప్పాను. దాచిపెట్టి ఒప్పించడం నాకు ఇష్టం లేదు. ఫీజుల లెక్క వేరే ఉంది, అది విమానం మంచు కన్నా పెద్దది మాకు. కాసేపాగి చిన్నాన్న చెల్లిని ఒకటే అడిగారు: "నడిమిట్ల భయమైతే ఎనకకు తిరిగొస్తవా?"

"వస్తా" అంది చెల్లి.

"అందరు నవ్వినా?"

చెల్లి వెంటనే జవాబు చెప్పలేదు. కొంచెం ఆలోచించి, "నవ్వనీ. తిరిగొస్తా" అంది.

చిన్నాన్న లేచి మగ్గాల షెడ్డులోకి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున బారామతికి బస్సు ఎన్ని గంటలకని నన్ను అడిగారు. ఊరికే చూసి రావడానికే అన్నారు.

(స్నేహితురాళ్ళారా, వ్యాసంలో భాషా దోషాలుంటే మన విభాగం మేడంలు ఎర్ర పెన్నుతో ఇక్కడే దిద్దవచ్చు. "అతిశీతల జలం" కన్నా మంచి తెలుగు మాట మీ ఇళ్ళలో ఎవరికైనా తోస్తే పక్కనున్న ఖాళీ కాగితం మీద రాయండి.)